మడను కాపాడాం, బురదను మరిచాం

గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే కోనసీమలోనూ యానాంలోనూ పులస ముచ్చట్లు మొదలవుతాయి. వరదకు ఎదురీదుతూ సముద్రం నుంచి వచ్చే ఆ చేప కోసం వేలంపాటలు జరుగుతాయి. పలికిన ధరలు పత్రికల్లో వార్తలవుతాయి. ఆ వరద మోసుకొచ్చిన ఒండ్రు కడలి అంచున పేరుకునే రోజుల్లోనే గోదావరి మొగకు ఇంకో వలస కూడా చేరుతుంది. సైబీరియా టండ్రా నుంచి, మధ్య ఆసియా సరస్సుల నుంచి నీటి పక్షులు దిగుతాయి. ఆగస్టు నెలాఖరుకే తొలి గుంపులు కనిపిస్తాయి. ఆశ్వయుజ, కార్తీకాలు వచ్చేసరికి కాకినాడలో కుంభాభిషేకం అనే చోట ఉన్న బురద నేలలు, కోరంగి మడ అడవుల అంచులు, హోప్ ఐలాండ్ ఇసుక తిన్నెలు పక్షులతో నిండిపోతాయి. పులసకు దక్కే ఆదరణలో నూరోవంతు కూడా ఈ వలసకు దక్కదు. వీటిని చూడటానికి వెళ్లేవాళ్లు తక్కువ. లెక్కపెట్టేవాళ్లు ఇంకా తక్కువ. ఇవి వాలే నేలకు విలువ ఉందనుకునేవాళ్లు మరీ తక్కువ.

మడ అడవిని కాపాడుకోవాలన్న స్పృహ మనకు కొన్ని దశాబ్దాలుగా ఉంది. కోరంగి అభయారణ్యం 1978లోనే ఏర్పడింది. సుమారు 235 చదరపు కిలోమీటర్ల ఆ అడవి తుపాను గాలులకు, ఉప్పెనలకు అడ్డుగోడ అని తీరప్రాంత ప్రజలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1996 నవంబరు తుపానును చూసినవారికి ఆ మాట అనుభవంలోకి వచ్చినదే. అడవికి ముందు, చెట్టూ చేమా లేకుండా పరుచుకుని ఉండే బురదను మాత్రం ఇప్పటికీ బంజరుగానే చూస్తున్నాం. పూడ్చడానికో, తవ్వడానికో, కనీసం మొక్కలు నాటడానికో పనికొచ్చే ఖాళీ జాగాగా లెక్కవేస్తున్నాం. ఈ దృష్టి మారాలి. మారాలంటే శరత్కాలంలో, పోటు ఎక్కే వేళ ఆ బురద ఒడ్డున నిలబడి చూడటం అవసరం.

పోటు లెక్కతోనే పక్షి లెక్క

గోదావరి పాయ గౌతమి నుంచి చీలిన కోరంగి, గాడేరు పాయలు మడ అడవుల గుండా సాగి కాకినాడ అఖాతంలో కలుస్తాయి. ఆ అఖాతానికి తూర్పున ఉత్తర దిశగా పొడవునా సాగిన ఇసుక మేటే హోప్ ఐలాండ్. నది తెచ్చిన ఇసుకను అలలు పేర్చగా గత రెండు శతాబ్దాల్లో పెరిగిన నేల అది. బంగాళాఖాతపు అలల ఉధృతిని అదే ఆపుతుంది. అందుకే లోపలి నీరు నెమ్మదిగా ఉంటుంది, ఒండ్రు అడుగున కుదురుకుంటుంది. ఇక్కడ పోటుకూ పాటుకూ మధ్య తేడా మీటరు, మీటరున్నర మించదు. అడుగు దాదాపు సమతలంగా ఉండటంతో ఆ కాస్త తేడాకే నీరు చాలా దూరం వెనక్కి తగ్గి విశాలమైన బురద బయటపడుతుంది. మళ్లీ కొన్ని గంటల్లో అదంతా మునిగిపోతుంది.

పక్షుల దినచర్యను నడిపేది సూర్యుడి కన్నా ఈ పోటు పాట్లే. నీరు తీసినప్పుడు అవి కిలోమీటర్ల మేర చెదిరిపోయి మేస్తాయి. దూరదర్శిని పెట్టినా చుక్కల్లాగే కనిపిస్తాయి. పోటు మొదలైతే నీటి అంచుతో పాటు అవీ ఒడ్డుకు జరుగుతాయి. నిండు పోటుకు ముందు రెండు గంటలే చూసేవాడికి అసలైన సమయం. కాకినాడ వైపు నుంచి చూస్తే అఖాతం తూర్పున ఉంటుంది. పొద్దున ఎండ కళ్లలో పడి పక్షులన్నీ నల్లని నీడలుగానే తోస్తాయి. మధ్యాహ్నం తర్వాత పోటు ఎక్కే రోజును ఎంచుకుంటే వెలుతురు వీపు మీద ఉంటుంది, రంగులు తేటగా తెలుస్తాయి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంది. అమావాస్యకు, పున్నమికి నీరు బాగా ఎక్కుతుంది, అష్టమి ప్రాంతంలో నీరసిస్తుంది. తిథిని బట్టి పోటు చెప్పగల మత్స్యకారుడికి ఇవన్నీ పుట్టుకతో తెలిసిన లెక్కలే. పక్షులను చూడదలచినవారికి ఆయనను మించిన గురువు ఉండడు.

కార్తీకమాసంలో ఒక సాయంత్రం అక్కడ చూసినది చెబుతాను. టెరెక్ శాండ్‌పైపర్ అనే చిన్న పక్షి, ముక్కు కాస్త పైకి వంగి ఉంటుంది, కాళ్లు పసుపు. తల నేలకు ఆనించినంత వంచి, ఉన్నట్టుండి పరుగు లంకించుకుంది. ఒక డెక్క మాత్రమే పెద్దగా ఉండే చిన్న పీత బొరియలోకి దూరేలోపే దాన్ని పట్టింది. వెంటనే మింగలేదు. నీటి అంచుకు తీసుకెళ్లి, ఒకటికి రెండుసార్లు ముంచి, బురద పోయాక మింగింది. దానికి కొంచెం దూరంలో వింబ్రెల్ ఒకటి కిందికి వంగిన పొడవాటి ముక్కును బొరియలోకి దించి తిప్పుతోంది. బొరియ వంపుకూ ముక్కు వంపుకూ కొలిచినట్టు సరిపోయింది. చివరికి పీతను బయటికి లాగి, విదిలించి, కాళ్లు ఊడిపోయాక గుటుక్కున మింగింది. శాండ్‌ప్లోవర్లు నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, బురద పైపొర నుంచే ఏరుకుంటున్నాయి. గాడ్‌విట్లు కళ్ల దాకా ముక్కు దిగేసి లోతున వెతుకుతున్నాయి. బంతిలో పక్కపక్కన కూర్చున్నా ఎవరి విస్తరి వారిదే అన్నట్టు, ఒకే బురదలో ఒక్కో లోతు ఒక్కో ముక్కుకు దక్కింది.

బురదలో దాగిన సంపద

ఆ బురదలో అంత తిండి ఎక్కడిది? నది మోసుకొచ్చిన ఒండ్రులో పోషకాలు ఉంటాయి. మడ చెట్ల నుంచి రాలిన ఆకు కుళ్లి వాటికి తోడవుతుంది. ఎండ సోకిన బురద పైపొర మీద కంటికి ఆనని శైవలాలు, సూక్ష్మజీవులు పలుచని జిగట పొరగా పెరుగుతాయి. అతి చిన్న శాండ్‌పైపర్ జాతులు కొన్ని ఆ జిగటనే నాలుకతో మేస్తాయని శాస్త్రవేత్తలు గుర్తించారు. దాని మీద పురుగులు, గుల్లలు, రొయ్య పిల్లలు, పీతలు బతుకుతాయి. వాటి మీద చేపలు, పక్షులు, మనుషులు బతుకుతారు. కాకినాడ అఖాతంలో గుల్లలు ఏరి పొట్టపోసుకునే కుటుంబాలు ఎన్నో. ఆ గుల్లా, గ్రేట్ నాట్ పక్షి నోటికి అందే గుల్లా ఒకే బురదలో పుట్టినవి.

ఈ పక్షుల శరీర నిర్మాణం చూస్తే బురదకూ వాటికీ ఉన్న బంధం ఎంత లోతైనదో తెలుస్తుంది. గాడ్‌విట్ ముక్కు మొత్తం తెరవకుండా కొసను మాత్రమే తెరవగలదు. లేకపోతే బురద ఒత్తిడిలో లోపలి పురుగును పట్టడం సాధ్యం కాదు. నాట్ జాతి పక్షుల ముక్కు కొసలో ఒత్తిడిని పసిగట్టే నాడీ కణాలు కిక్కిరిసి ఉంటాయి. తడి ఇసుకలో గుచ్చినప్పుడు దగ్గర్లో గట్టి గుల్ల ఉంటే, దాన్ని తాకకుండానే పక్షి గుర్తిస్తుంది. దొరికిన గుల్లను పెంకుతో సహా మింగి కడుపులోనే నలగ్గొడుతుంది.

వీటి ప్రయాణం సంగతి ఇంకా ఆశ్చర్యం. 2022 అక్టోబరులో ఉపగ్రహ పరికరం అమర్చిన ఒక బార్‌టెయిల్డ్ గాడ్‌విట్ పిల్ల అలాస్కా నుంచి టాస్మానియా దాకా 11 రోజుల పాటు ఎక్కడా వాలకుండా 13,560 కిలోమీటర్లు ఎగిరింది. దాని వయసు అప్పటికి కొన్ని నెలలే. అంతటి ప్రయాణానికి ఒళ్లంతా కొవ్వు నింపుకోవాలి, అక్కర్లేని బరువు తగ్గించుకోవాలి. గ్రేట్ నాట్లు సుదీర్ఘ ప్రయాణంలో పేగు, కాలేయం వంటి లోపలి అవయవాలను కూడా కుదించుకుంటాయని పరిశోధనలు తేల్చాయి. అలా శక్తినంతా ఖర్చు చేసి వాలే పక్షికి వాలిన చోట వెంటనే తిండి దొరకాలి. కుంచించుకున్న ఒంటిని మళ్లీ నిలబెట్టుకోవాలి, అరిగిన ఈకలను మార్చుకోవాలి. మిగతా కాలమంతా ఎంత తిండి ఉన్నా, దిగిన ఆ కొద్ది వారాల్లో బురద ఖాళీగా ఉంటే దానికి బతుకు లేదు. శరత్కాలానికి ఉన్న ప్రాముఖ్యం ఇదే.

జనవరి లెక్క ఒక్కటే చాలదు

మన దేశంలో నీటి పక్షులను ప్రధానంగా లెక్కపెట్టేది జనవరిలో. 1987లో మొదలైన ఆసియా నీటిపక్షుల గణన ఏటా ఆ నెలలోనే సాగుతుంది. ఔత్సాహికులు, అటవీ సిబ్బంది కలిసి చేసే ఆ కృషి విలువైనది. అప్పటికి పక్షులు ఒకచోట కుదురుకుని ఉంటాయి గనుక దేశాల మధ్య పోలికకు అది సరైన నెలే. కాని ఆ లెక్కకు అందనివి రెండున్నాయి.

మొదటిది, దారిన పోయే పక్షులు. సెప్టెంబరు, అక్టోబరుల్లో గోదావరి మొగలో వాలిన పక్షులన్నీ ఇక్కడే ఉండిపోవు. కొన్ని నాలుగు రోజులు మేసి, బలం పుంజుకుని దక్షిణానికి సాగిపోతాయి. జనవరిలో లెక్కపెట్టేవారికి అవి కనిపించవు. మజిలీగా ఈ మొగ చేసిన మేలు ఏ పట్టికలోనూ నమోదు కాదు. నమోదు కానిదాన్ని పోగొట్టుకున్నా తెలియదు.

రెండోది, పిల్లల సంఖ్య. ఆర్కిటిక్‌లో గుడ్లు పొదిగే కర్లూ శాండ్‌పైపర్ వంటి జాతుల్లో పెద్దవి ముందు బయల్దేరతాయి. రెక్కలొచ్చిన పిల్లలు కొన్ని వారాల తర్వాత, దారి చూపేవారు లేకుండానే తమంతట తాము వస్తాయి. తొలి విడతలో వచ్చిన పెద్దవాటి పొట్ట మీద ఎండాకాలపు ఇటుక ఎరుపు ఇంకా మచ్చలు మచ్చలుగా మిగిలి ఉంటుంది. పిల్లల వీపు ఈకలకు లేత అంచులుండి పొలుసులు పేర్చినట్టు కనిపిస్తుంది. శరత్కాలంలో శ్రద్ధగా చూస్తే గుంపులో పిల్లలెన్నో చెప్పవచ్చు. జనవరి నాటికి ఈకలు మారిపోయి ఆ తేడా చెప్పడం కష్టమవుతుంది. టండ్రాలో లెమ్మింగ్ ఎలుకలు తగ్గిన ఏడాది నక్కలు పక్షుల గుడ్ల మీద పడతాయి. ఆ ఏడాది శరత్తులో పిల్లలు తక్కువగా వస్తాయి. అంటే సైబీరియాలో జరిగిన మంచిచెడ్డలు కాకినాడ బురదలో చదువుకోవచ్చు. జాతి తగ్గుతోందంటే పిల్లలు పుట్టక తగ్గుతోందా, పుట్టినవి దారిలో చస్తూ తగ్గుతోందా అని తేల్చడానికి ఈ లెక్కే ఆధారం. రోగం ఎక్కడుందో తెలియకుండా మందు వేయలేం.

ఎల్లో సీ నేర్పిన పాఠం

బురద పోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఊహలు అక్కర్లేదు. దక్షిణ కొరియాలో, ఎల్లో సీ తీరాన ఉన్న సేమాంగంలో దాదాపు 33 కిలోమీటర్ల సముద్రపు గోడను 2006లో మూసేశారు. లోపలి విశాలమైన బురదకు పోటు నీరు ఆగిపోయింది. అది గ్రేట్ నాట్లకు ప్రపంచంలోనే అతి పెద్ద మజిలీల్లో ఒకటి. అక్కడ మాయమైన పక్షులు పక్కనున్న తీరాల్లో పెరిగి కనిపించలేదు. చోటు పోతే మరోచోటికి వెళతాయిలే అనే మాట అక్కడే అబద్ధమని రుజువైంది. 2015 నాటికి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) గ్రేట్ నాట్‌ను అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించింది.

ముప్పు ఆ ఒక్క జాతిదే కాదు. 2024 అక్టోబరులో ఐయూసీఎన్ 16 వలస తీరపక్షి జాతులను ఇంతకుముందుకన్నా ఎక్కువ ముప్పు ఉన్న శ్రేణుల్లోకి మార్చింది. కర్లూ శాండ్‌పైపర్, గ్రే ప్లోవర్, బ్రాడ్‌బిల్డ్ శాండ్‌పైపర్, టర్న్‌స్టోన్ ఆ జాబితాలో ఉన్నాయి. ఈ నాలుగూ మన తూర్పు తీరంలో కనిపించేవే. ఒకప్పుడు పశ్చిమ సైబీరియా నుంచి మధ్యధరా తీరానికి వలస వెళ్లిన స్లెండర్‌బిల్డ్ కర్లూ 1995లో మొరాకోలో కనిపించాక మళ్లీ నిర్ధారణగా కనిపించలేదు. 2025లో దాన్ని అంతరించిన జాతిగా ప్రకటించారు.

దిద్దుబాటు సాధ్యమేననీ ఎల్లో సీ నేర్పింది. చైనా 2018లో వాణిజ్య అవసరాలకు సముద్ర తీరాన్ని పూడ్చడాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2019లో ఆ దేశపు ఎల్లో సీ బురద తీరాలకు, 2021లో కొరియా బురద తీరాలకు యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. కోటలకు, ఆలయాలకు ఇచ్చే గౌరవం బురదకు దక్కిందంటే అది చిన్న మార్పు కాదు.

మన ముందున్న పని

గోదావరి మొగ పరిస్థితి సేమాంగం అంత దిగజారలేదు. అందుకే ఇప్పుడే మేలుకోవాలి. ఇక్కడి సమస్య ఎగువ నుంచే మొదలవుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు జరిగిన మేలును ఎవరూ కాదనలేరు. ఆ తర్వాత పరీవాహకం నిండా కట్టిన జలాశయాలు నీటితో పాటు ఒండ్రునూ ఆపుతున్నాయి. 1970లతో పోలిస్తే 1990ల నాటికే నది సముద్రానికి చేర్చే ఒండ్రు సగానికన్నా తక్కువకు పడిపోయిందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఒండ్రు రాకపోతే బురద పెరగదు, డెల్టా అంచు కోతకు గురవుతుంది. జలాశయాల నిర్వహణలో నీటి లెక్కతో పాటు ఒండ్రు లెక్క కూడా ఉండాలి. వరద రోజుల్లో ఒండ్రు కిందికి సాగేలా గేట్ల నిర్వహణ ఉండాలి.

రెండోది మొక్కలు నాటే విషయంలో మన తొందర. కేంద్రం 2023 జూన్‌లో ప్రారంభించిన మిష్టి పథకం కింద దేశవ్యాప్తంగా సుమారు 540 చదరపు కిలోమీటర్లలో మడ అడవులను పెంచాలన్నది లక్ష్యం. సంకల్పం మంచిదే. అయితే నాటడానికి ఆక్రమణలు లేని ఖాళీ జాగా ఎక్కడుందని వెతికితే ముందుగా కంటబడేది పక్షులు మేసే బురదే. దాని మీద మడ నాటితే తీరపక్షికి దారి మూసుకుపోతుంది. శత్రువు ఎక్కడ పొంచి ఉందో కనపడని గుబురు దగ్గర అది వాలదు. తెగిపోయిన మడను, విడిచిపెట్టిన రొయ్యల చెరువులను తిరిగి అడవిగా మార్చాలి. బురదను బురదగా ఉండనివ్వాలి.

మూడోది చట్టం. 2019 నాటి తీరప్రాంత నియంత్రణ మండల (సీఆర్‌జడ్) నోటిఫికేషన్ జీవం ఉన్న బురద నేలలను మడ అడవులతో సమానంగా, అత్యంత కట్టుదిట్టమైన ఒకటి-ఎ శ్రేణిలోనే చేర్చింది. మరోవైపు 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు సీఆర్‌జడ్ పరిధిలోని ప్రాంతాలకు వర్తించవు. కాబట్టి అభయారణ్యం బయటి బురదకు సీఆర్‌జడే ప్రధాన రక్షణ. పటంలో జీవమున్న బురదగా గుర్తించకపోతే ఆ రక్షణ కాగితం దాటదు. గుర్తించడానికి ఆధారం కావాలి. ఆ ఆధారాన్ని ఇచ్చేది శరత్కాలపు లెక్కలే. ఆగస్టు నడిమి నుంచి నవంబరు చివరి వరకు పక్షానికోసారి, పోటు వేళల్లో గణన జరగాలి. స్థానిక మత్స్యకార యువతకు శిక్షణ ఇచ్చి, తగిన వేతనంతో ఈ పని అప్పగించాలి. లెక్కలు తెలుగులో అందరికీ అందుబాటులో పెట్టాలి. అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా కొల్లేరుకు 2002లో దక్కిన రామ్‌సర్ గుర్తింపును గోదావరి మొగకూ సాధించడానికి ఇంతకన్నా గట్టి పునాది లేదు.

నాలుగోది విశ్రాంతి స్థలాలు. నిండు పోటులో బురద మునిగినప్పుడు పక్షులన్నీ మిగిలిన కాసింత ఇసుక తిన్నె మీద గుమిగూడతాయి. చంబల్, మహానది ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టే ఇండియన్ స్కిమ్మర్లు, కింది ముక్కు పొడవుగా ఉండి నీటిని గీస్తూ ఎగిరే ఆ అరుదైన పక్షులు, కాకినాడలో తలదాచుకునేది ఇలాంటి తిన్నెల మీదే. పడవ దగ్గరికొచ్చినా, బైకు తోలినా, కుక్కలు తరిమినా, ఫొటో కోసం ఎగరగొట్టినా ప్రతిసారీ కూడబెట్టుకున్న కొవ్వు కొంత కరిగిపోతుంది. శరత్కాలంలో, పోటుకు అటూ ఇటూ రెండేసి గంటలు ఆ తిన్నెల జోలికి పోకుండా ఉంటే చాలు. పక్షి ప్రేమికులే ఈ నియమాన్ని ముందుగా పాటించాలి. పక్షులు తలలెత్తి చూస్తున్నాయంటే మనం అప్పటికే మరీ దగ్గరికి వెళ్లామని అర్థం.

ఇవన్నీ చేస్తే మత్స్యకారుల పొట్ట కొట్టినట్టవుతుందని కొందరు అంటారు. ఆ ఆందోళనను తేలిగ్గా తీసుకోకూడదు. సంరక్షణ పేరుతో వలలు, పడవలు మాత్రమే ఆపి, పూడ్చేవారిని, తవ్వేవారిని వదిలేసిన సందర్భాలు దేశంలో ఉన్నాయి. ఇక్కడ అడుగుతున్నది అది కాదు. గుల్లలు ఏరేవారు, వల వేసేవారు తరతరాలుగా ఈ పక్షుల పక్కనే బతికారు. పక్షి నష్టపోయేది, మత్స్యకారుడు నష్టపోయేది ఒకే పనివల్ల: బురద మాయం కావడం వల్ల. కాబట్టి ఇద్దరి పక్షమూ ఒక్కటే. గణనలోనూ, పటాల తయారీలోనూ, విశ్రాంతి వేళల నిర్ణయంలోనూ మత్స్యకార గ్రామాల మాటకు మొదటి స్థానం ఉండాలి.

ఈ శరత్తులో కాకినాడ, కోనసీమ ప్రాంతాల పాఠశాలలు, కళాశాలలు తమ విద్యార్థులను ఒక్క పూటైనా పోటు వేళ ఒడ్డుకు తీసుకెళ్లాలి. అటవీ శాఖ పడవ విహారాలతో పాటు నేల మీద నిలబడి చూసే సదుపాయాలు పెంచాలి. జిల్లా యంత్రాంగం ఈ సీజన్‌లోనే తొలి శరత్కాల గణన చేయించి, ఆ ఫలితాల ఆధారంగా బురద నేలల పటం సిద్ధం చేయాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, భారీ నిధులూ అక్కర్లేదు. ఉన్న చట్టాన్ని నేల మీద అమలు చేసే పట్టుదల ఉంటే సరిపోతుంది. గోదావరి ఏటా ఉచితంగా పోసి వెళ్లే సంపదను బంజరని రాసుకునే అలవాటు ఇకనైనా మన రికార్డుల్లోంచి తొలగిపోవాలి.